చాందినికి పావుకోళ్ళు

భాగ్యలక్ష్మికి కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదని సాతంరాయిలో అందరికీ తెలుసు. బస్సు రెండు నిమిషాలు ఆలస్యమైనా వస్తుంది, కూరలో ఉప్పు తక్కువైనా వస్తుంది. వచ్చినంత తొందరగా పోతుంది కూడా. కానీ ఆ ఆషాఢం మొదటి వారంలో వచ్చిన కోపానికి మాత్రం గట్టి కారణమే ఉంది.

ఎయిర్‌పోర్టు కార్గోలో పొద్దుటి షిఫ్టు ముగించుకుని, ముసురులో తడుస్తూ ఇల్లు చేరేసరికి, గుర్రపు కొట్టంలో ఎవరో పొడుగాటి యువకుడు గొంతుక్కూర్చుని ఉన్నాడు. చాందిని ముందు కాలి దగ్గర ప్లైవుడ్ ముక్క పెట్టి, దాని మీద పెన్సిల్‌తో శ్రద్ధగా గీత గీస్తున్నాడు.

చాందిని వాళ్ళ తెల్ల గుర్రం. భాగ్య తండ్రి దశరథం దాన్ని పెళ్ళి బరాత్‌లకు తిప్పుతాడు. శంషాబాద్ రోడ్డు పొడుగునా ఉన్న ఫంక్షన్ హాళ్ళలో తొమ్మిదేళ్ళుగా అది మోయని పెళ్ళికొడుకు లేడు. చెవులు పగిలేలా బ్యాండు మోగినా, పక్కనే టపాసులు పేలినా బెదరని గుర్రం. అలాంటిది ఆరు రోజులుగా అడుగు తీసి అడుగు వేయలేకపోతోంది.

పెళ్ళిగుర్రానికి మిఠాయి పెడితే పుణ్యమని ఎవరు కనిపెట్టారో కానీ, వాళ్ళకి ఒక్క పూట ఆ గుర్రం కాళ్ళు తగిలించి నడిపించాలి. జ్యేష్ఠంలో చివరి ముహూర్తం గగన్‌పహాడ్‌లో. పెళ్ళికొడుకు మేనత్తలు లడ్డూలు పెట్టారు. మేనమామలు నానబెట్టిన శనగలూ బెల్లమూ బుట్టెడు తెచ్చారు. ప్రతి ఒక్కరూ పెడుతూ ఫోటో దిగారు. వద్దని చేతులడ్డం పెట్టిన, కళ్ళెం పట్టుకుని నడిచే బాలమల్లును, శుభమా అని పెడుతుంటే అడ్డుపడతావేమని కసిరారు. మనిషికి అజీర్తి చేస్తే కడుపుతో పోతుంది, గుర్రానికి అది కాళ్ళలోకి దిగుతుంది. మూడో రోజుకి చాందిని ముందు కాళ్ళు చాచేసి, బరువంతా వెనక్కి వేసి, నిప్పుల మీద నిలబెట్టినట్టు వణకడం మొదలుపెట్టింది. పెట్టినవాళ్ళు ఒక్కరూ ఫోన్ చేసి అడగలేదు.

సిటీ నుంచి పెద్ద డాక్టరొకాయన కారులో వచ్చాడు. బూట్లకి బురద అంటుతుందని కొట్టం గుమ్మంలోనే నిలబడి చూశాడు. ఇది ఇంక బాగుపడదు, సూది వేసి నిద్రపుచ్చడమే దయ అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ మాట విన్నప్పటినుంచి భాగ్యకు అన్నం సయించడం లేదు. ఇప్పుడు చూస్తే ఈ ప్లైవుడ్ మనిషి.

"ఎవరన్నా నువ్వు? కార్పెంటర్‌వా?"

"ఇంచుమించు అంతేనండి," అన్నాడతను తలెత్తకుండా. "గుర్రాలకి చెప్పులు చేస్తాను."

"చెక్కతోనా?"

"పావుకోళ్ళు అనుకోండి."

భాగ్యకు ఒళ్ళు మండిపోయింది. "సావు బతుకుల మీదున్న జీవంతోని మస్కిరీ చేస్తున్నవా? లే ముందు."

అతను లేచాడు. ఆమెకంటే జానెడు పొడుగున్నాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా పేడ, బురద. పెద్ద డాక్టరు బూటుకి అంటనిదంతా ఇతని ఒంటి మీదే ఉంది. అది చూశాక ఆమె కోపం ఒక్క మెట్టు దిగింది. ఒక్క మెట్టే.

అతని పేరు భార్గవ్ అనీ, పశువుల డాక్టరు చదువు చదివాడనీ, రేసుకోర్సులో తెలిసినవాళ్ళని అడిగి తానే పిలిపించాననీ వెనక నుంచి బాలమల్లు చెప్పాడు. బాలమల్లు దశరథానికి వరసకి తమ్ముడు. చాందినిని కంటికి రెప్పలా చూసుకునేది ఆయనే. భాగ్యకు కాక, అంటే చిన్నాన్న.

చెక్క సంగతేమిటో చెప్పమంది భాగ్య. మీ వేలు ఒకసారి ఇటివ్వండి, చూపిస్తానన్నాడు భార్గవ్. నా వేలు నాకాడనే ఉంటది, నోటితో చెప్పమంది. అతను నవ్వి, సుత్తి దెబ్బకి నల్లబడిన తన బొటనవేలి గోరే చూపించాడు. గోరుకీ దాని కింది మాంసానికీ పట్టు ఉన్నట్టే, గుర్రం గిట్టకీ లోపలి ఎముకకీ మధ్య పొరలుంటాయి. ఆ పొరలు వాచి పట్టు వదిలితే, గుర్రం బరువే ఎముకను కిందకు తోసేస్తుంది. ఇప్పుడు ఇనుప నాడా కొడితే సుత్తి దెబ్బ నరకం, పైగా బరువంతా అంచు మీద పడి చిరిగింది ఇంకా చిరుగుతుంది. చెక్కదైతే చుట్టూ అంచులు గుండ్రంగా చెక్కి, ముందు వైపు తగ్గించి, బరువును మడమ వైపు మళ్ళించవచ్చు. సుత్తి అక్కర్లేదు, స్క్రూలూ జిగురూ చాలు. కానీ అది వాపు తగ్గాకే. అప్పటిదాకా అరికాళ్ళకు మందపాటి థర్మకోల్ కట్టాలి.

"బతుకుతదా?" అని మాత్రం అడిగింది భాగ్య.

"ఎక్స్‌రే తీశాను. ఎముక వంగింది కానీ అరికాలు దాటలేదు. రెండు నెలలు నా మాట వింటే బతుకుతుందండి."

మర్నాడు భాగ్య ఆటో నిండా థర్మకోల్ మూతలు వేసుకుని వచ్చింది. కార్గోలో చేపల డబ్బాలవీ, పూల డబ్బాలవీ విరిగిపోయి ఎవరికీ అక్కర్లేనివి. పనికొస్తాయా అని అడగలేదు, కొట్టంలో కుప్ప పోసి, ఇంకా కావాలంటే చెప్పమంది. కొట్టమంతా చేపల మార్కెట్టు వాసన వేసింది. భార్గవ్ ముక్కైనా మూసుకోకుండా కోసి, చాందిని కాళ్ళకు టేపుతో కట్టాడు. అరగంటకి గుర్రం ఏడు రోజుల్లో మొదటిసారి ముందు కాలి మీద బరువు మోపింది. భాగ్య మొహం అటు తిప్పుకుంది. కళ్ళు తుడుచుకోవడానికి అనుకోలేదు అతను, కోపం వచ్చిందేమో అనుకున్నాడు.

దశరథం మాత్రం గుండె రాయి చేసుకునే ఉన్నాడు. చెడ్డవాడు కాదు. గుర్రం నొప్పితో మూలుగుతుంటే వాకిట్లో కూర్చుని చెవులు మూసుకునేవాడు. శ్రావణం దాకా చూస్తాననీ, అప్పటికీ అది బాధపడుతూనే ఉంటే ఆ సూదేదో వేయించేస్తాననీ, అప్పుడు ఎవరూ అడ్డం రావద్దనీ చెప్పేశాడు.

భార్గవ్ రోజు విడిచి రోజు బైకు మీద వచ్చేవాడు. వాన ఉంటే ఇంకా తొందరగా వచ్చేవాడు. కొట్టం కురుస్తుందేమో, గుర్రం కింద పరిచిన ఇసుక తడుస్తుందేమో చూడటానికని అతను చెప్పిన కారణం. బాలమల్లు నమ్మాడు.

"చాయ్ గిట్ట తాగుతవా, డాక్టర్ సాబ్?" అనేది భాగ్య. అన్నా అనడం మొదటి రోజుతోనే ఆగిపోయింది. అది గమనించినవాడు బాలమల్లు ఒక్కడే, గమనించి గడ్డి మోపు వెనక నవ్వుకునేవాడు.

ఒక రోజు భార్గవ్ తన తండ్రి సంగతి చెప్పాడు. పట్టాభిరామయ్య గారు తెనాలి నుంచి వచ్చి, వనస్థలిపురంలో ఇల్లు కట్టుకుని, లెక్కల లెక్చరర్‌గా రిటైరైన మనిషి. కొడుకు డాక్టరు పట్టా తెస్తే ఫ్రేము కట్టించి హాల్లో పెట్టారు. ఆ కొడుకు రేసుకోర్సులో ముసలి నాల్‌బంద్ పక్కన కూర్చుని గుర్రాలకు నాడాలు కొట్టడం నేర్చుకునేసరికి, ఆ ఫ్రేము తీసి అటకెక్కించారు. ఇప్పటికీ చుట్టాలొస్తే అబ్బాయి ఏదో ప్రైవేటు ప్రాక్టీసు అంటారు.

భాగ్యకు మళ్ళీ కోపం వచ్చింది, ఈసారి అతని తరఫున. "గుర్రమెక్కి ఊరేగినోడు గొప్పోడు, దాని కాలు బాగుచేసినోడు తక్కువోడా? మీ నాయినకు జర చెప్పు, కాళ్ళు లేకుంటే లెక్కలు గూడ నడువయని."

భార్గవ్ పడీ పడీ నవ్వాడు. ఆమెకు చివుక్కుమంది. మా మాట నీకు నవ్వులాటనా అని నిలదీసింది. నవ్వింది మాటకు కాదనీ, ఆ మాట నాన్నగారి ఎదుట పడితే ఆయన మొహం ఎలా ఉంటుందో తలచుకునేననీ అతను ఒట్టేసి చెప్పాడు. నమ్మకపోతే చూడమని నోటుబుక్కు తీసి చివరి పేజీ చూపించాడు. అందులో వరసగా రాసి ఉన్నాయి, పరేషాన్, దూప, జర, ఉండాలె, పోవాలె. ఆమె మాట్లాడిన మాటలన్నీ.

భాగ్య ఆ పేజీ రెండుసార్లు చదివింది. రాత బాగాలేదని చెప్పింది.

ఆ తర్వాత అతను ఆ మాటలు వాడటం కూడా మొదలుపెట్టాడు. ఉండాలి అనాల్సిన చోట ఉండాలె అనేవాడు. బాలమల్లు మురిసిపోయేవాడు. సారు మనోడైపోయిండు అని వాడంతా చెప్పుకొచ్చాడు.

చాందిని కోలుకుంటోంది. దాణా లేదు, బెల్లం లేదు, ఉత్త ఎండుగడ్డి. ఎముకలు తేలిన దాని పక్కలు చూసి బాలమల్లు ఎంత కుమిలినా, భార్గవ్ ఒప్పుకోలేదు. పదహారో రోజున చెక్క జోడు గీతల ప్రకారం కోయించి సిద్ధంగా పెట్టాడు. ఇంకో నాలుగు రోజుల్లో వేద్దామని చెప్పి, బెంగళూరులో ఒక గుర్రం కోసం పిలుపొస్తే వెళ్ళాడు. వెళ్ళిన రోజే బాలమల్లుకు ఫోన్ చేసి జాగ్రత్తలన్నీ చెప్పాడు.

కార్గోలో ఆ నాలుగు రోజులూ భాగ్యకు డబుల్ డ్యూటీ. ఇల్లు చేరగానే చాందిని మెడ నిమిరి పడుకునేది.

అయిదో రోజు ఆమె ఇల్లు చేరేసరికి వాకిట్లో భార్గవ్ బైకు ఉంది. చున్నీ సర్దుకుని గబగబా నడిచింది. ఆ మరుక్షణమే లోపలి నుంచి అతని గొంతు వినబడింది. అలాంటి గొంతు అతనికి ఉందని ఆమెకు తెలియదు.

చాందిని ఇసుకలో పక్కకి పడిపోయి ఉంది. లేవడం లేదు. గిట్టలు ముట్టుకుంటే కాలుతున్నాయి. తొట్లో నానబెట్టిన శనగలు, ఉడికించిన జొన్నలు, బెల్లం, అన్నీ చేత్తో పిసికి కలిపిన ముద్ద. భార్గవ్ ఆ ముద్ద చేతిలో పట్టుకుని బాలమల్లు మొహం మీదకి చూపిస్తున్నాడు.

"మీరు చెప్పిందే చేసిన సారూ," అంటున్నాడు బాలమల్లు చేతులు నలుపుకుంటూ.

"నేను చెప్పానా ఇది? తెలుగులోనే కదా చెప్పాను. మీకు తెలుగు కూడా అర్థం కాదా?"

భాగ్య బ్యాగు కింద పడేసింది.

"ఆగు. ఏమన్నవ్?" ఆమె గొంతు పైకి లేవలేదు. లేవనందుకే బాలమల్లు భయపడ్డాడు. "కాకకు తెలుగు రాదా? నువ్వు పుట్టకముందు నుంచి ఆయన గుర్రాలతోని మాట్లాడుతుండు. నోరులేని జీవాలకు సమజైంది, నీకు కాలేదా? మా మాటలు నువ్వు బుక్కుల రాసుకుంటుంటే నేను మురిసిన. గిందుకా రాసుకున్నది? కోపమొస్తే తీసి మా మొహాన కొట్టనీకా?"

"భాగ్య గారూ, గుర్రం చచ్చిపోతోంది. ఇప్పుడు మాటల గురించి—"

"గుర్రం మాది. నీ సామాను తీసుకొని నడువ్."

అతను చెక్క జోడు అక్కడే వదిలి వెళ్ళిపోయాడు. బైకు చప్పుడు హైవే దాకా వినబడి, లారీల రొదలో కలిసిపోయింది. అది వినబడినంతసేపూ భాగ్య కొట్టం గుంజ పట్టుకుని నిలబడే ఉంది. కోపం సగం, దిగులు సగం. ఆ దిగులు గుర్రం కోసం ఒక్కటే కాదని ఆమెకు అప్పుడే తెలిసింది. తెలిసినందుకు ఇంకా కోపం వచ్చింది.

దశరథం అన్నీ చూశాడు. ఫోన్ తీసి పెద్ద డాక్టరుకు చేసి, రేపు పొద్దున రమ్మన్నాడు. శ్రావణం దాకా అన్నవు కదా బాపూ అని భాగ్య అడ్డం పడితే, దాన్ని ఇట్లా చూస్తూ శ్రావణం దాకా బతికేదెవరని తిరిగి అడిగాడు.

బాలమల్లు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదట. భాగ్య పక్కన కూర్చుంది. అసలు భార్గవ్ ఫోన్‌లో ఏం చెప్పాడో, ఒక్క మాట పోకుండా చెప్పమంది.

"విమానం దిగుతుండె బిడ్డా, నెత్తి మీదికెళ్ళి. జర జర ఇనొచ్చింది. ఇనొచ్చిన కాడికి మంచిగనే ఇన్న. దాణా గిట్ట మెత్తగుండాలె అన్నడు. మన లెక్కనే అన్నడు, ఉండాలె అని. జబ్బు తగ్గిందేమో, ఇన్ని దినాలకు సారు కనికరించిండు అనుకున్న. పండ్లకు బరువు కావద్దని చేత్తోని పిసికి పెట్టిన."

భాగ్య ఆ మాట మనసులో ఒకసారి అనుకుంది. దాణా గిట్ట మెత్తగుండాలె. దాణా లాంటిది ఏది పెట్టినా మెత్తగా ఉండాలని. ఆమె విన్నా అదే అర్థం చేసుకునేది. ఈ ఊళ్ళో ఎవరు విన్నా అంతే. ఆ తర్వాత భార్గవ్ మొదటి రోజు గోరు చూపిస్తూ వాడిన మాట గుర్తొచ్చింది. ఇక్కడ డెక్క అనేదాన్ని అతను గిట్ట అంటాడు.

ఫోన్ చేసింది. మొదటి రింగుకే ఎత్తాడు.

"కాకకు ఏమని చెప్పినవ్? గట్లనే చెప్పు, ఒక్క మాట గూడ మార్చకు."

"దాణా ఇంకా మొదలుపెట్టకండి, గిట్ట కింద ఇసుక ఎప్పుడూ మెత్తగా ఉండాలె అన్నాను."

"నడిమిట్ల మాటలు విమానం తిన్నది," అంది భాగ్య. "గిట్ట అంటే మా దిక్కు డెక్క కాదు, అసుమంటిది అని. చాయ్ గిట్ట తాగుతవా అని రోజు అడుగుత కదా. అప్పుడు ఏమనుకున్నవ్?"

"గుర్రాల డాక్టరునని ఆటపట్టిస్తున్నారనుకున్నాను," అన్నాడు అతను.

ఏడుస్తున్న మనిషికి నవ్వొస్తే ఎలా ఉంటుందో భాగ్యకు అలా ఉంది. తన మాటలు నేర్చుకోమని మురిపించింది తనే. ఆ నేర్చుకున్న ఒక్క ఉండాలె వల్లే బాలమల్లు మిగతాదంతా తమ మాటే అనుకున్నాడు. కోప్పడదామంటే ఎవరి మీద? విమానం మీదా, మాట మీదా?

అతను ఆరాంఘర్ చౌరస్తాలో ఫ్లైఓవర్ కింద ఆగి ఉన్నాడట. ఇరవై నిమిషాల్లో వచ్చాడు, నిలువునా తడిసి. భాగ్య వైపు చూడకుండా నేరుగా బాలమల్లు దగ్గరకు వెళ్ళి, ఎదురుగా మట్టిలోనే కూర్చుని ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. శనగలు పిసికి పిసికి ఆ వేళ్ళు వాచి ఉన్నాయి.

"తప్పు నాది. అర్థం కానిది నాకు. క్షమించండి కాకా."

బాలమల్లు కళ్ళొత్తుకుని, అదంతా సరే కానీ ముందు గుర్రాన్ని చూడమన్నాడు.

దశరథం వాకిట్లోంచి కదల్లేదు. రేపు డాక్టరు వచ్చేదాకా ఏమైనా చేసుకోండి అన్నట్టు చెయ్యి ఊపాడు. అంతకంటే అడగడానికి టైము కూడా లేదు. భాగ్య ఆటోలో కార్గోకి పరుగెత్తి, చేపల డబ్బాల్లో వాడే ఐసు రెండు సంచులు తెచ్చింది. గిట్టలు చల్లబడేదాకా ఐసులో ఉంచారు. పడుకుని ఉన్న గుర్రానికే భార్గవ్ గిట్ట ముందంచు ఆకురాయితో తగ్గించాడు. అరికాలికి మెత్తటి రబ్బరు ముద్ద నింపాడు. చెక్క జోడు కింద పెట్టి, పక్కల నుంచి చేత్తోనే ఒక్కొక్క స్క్రూ తిప్పాడు. సుత్తి చప్పుడు లేదు. భాగ్య చాందిని తల ఒళ్ళో పెట్టుకుని, ఆ చెవిలో ఏవేవో చెబుతూనే ఉంది. అందులో కొన్ని గుర్రానికి కాదని భార్గవ్‌కు అనిపించింది. అతను స్క్రూ వైపే చూస్తూ విన్నాడు.

పొద్దున తొమ్మిదింటికి పెద్ద డాక్టరు కారు వచ్చింది. ఆయన మళ్ళీ గుమ్మంలోనే నిలబడ్డాడు. చెక్క జోడు చూసి, ఏమిటీ వేషాలు, మూగజీవాన్ని ఇంకెంత హింస పెడతారని అందరినీ కలిపి తిట్టాడు. సూది తీసి మందు ఎక్కించుకోసాగాడు.

భాగ్య లేచి వెళ్ళి ఆయన ఎదుట నిలబడింది. "పోయినసారి కాలు ముట్టకుండ చెప్పినవ్ సారూ. ఇయ్యాల ముట్టి చెప్పు."

ఆయన దశరథం వైపు చూశాడు. దశరథం తల దించుకోలేదు. "ముట్టుండ్రి సార్. నా బిడ్డ అడిగినదాంట్ల తప్పు లేదు."

బూట్లు బురదలో దిగబడుతుండగా ఆయన లోపలికి వచ్చి, వంగి, గిట్ట మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తగలడం చాందినికి నచ్చలేదు. నిన్నంతా పడి ఉన్న గుర్రం ముందు కాళ్ళు చాచి, ఊపిరి బిగించి, ఒక్క ఊపున లేచింది. గుండ్రటి చెక్క మీద కాలు కొంచెం ఊగింది. నిలదొక్కుకుంది. తల విదిలించి ఒక అడుగు వేసింది, ఇంకో అడుగు వేసింది, దశరథం దగ్గరకు వెళ్ళి ఆయన భుజం మీద మూతి ఆనించింది.

డాక్టరు సూదికి మూత పెట్టుకుని వెళ్ళిపోయాడు. దశరథం గుర్రం మెడ పట్టుకుని పసిపిల్లవాడిలా ఏడ్చాడు.

శ్రావణం వచ్చింది, బరాత్‌లు మొదలయ్యాయి. చాందిని కొట్టంలోనే ఉంది. దశరథం పక్క ఊరివాళ్ళ గుర్రాలను తిప్పుతూ నెట్టుకొచ్చాడు. అయిదు వారాలకోసారి గిట్టలు తగ్గించి జోడు మార్చాలి. భార్గవ్ మాత్రం వారానికి మూడుసార్లు వస్తూనే ఉన్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగాల్సిన భాగ్య చాయ్ పెడుతూ ఉండేది. అతనికి చెప్పాలని ఉంటుంది, నోటుబుక్కు మూసి తెరిచి మళ్ళీ మూసేవాడు. ఆమెకు వినాలని ఉంటుంది, వినబడక విసుక్కునేది.

కార్తీకంలో ఒక సాయంత్రం దశరథం తలపాగా చుట్టుకుని కొట్టంలోకి వచ్చాడు. ఆ ఇంట్లో ఆయన తండ్రి కాలం నుంచీ ఒక పట్టింపు ఉంది. మా పిల్లను చేసుకుంటావా అని నోటితో అడగరు, అడిగితే చులకనైపోతామని. మా గుర్రం ఎక్కుతావా అంటారు. ఆ మాటకి అర్థం ఊళ్ళో అందరికీ తెలుసు. తెనాలివాళ్ళకి తెలియదు.

"డాక్టర్ సాబ్," అన్నాడు దశరథం గొంతు సవరించుకుని. "మా చాందిని ఎక్కుతవా?"

భార్గవ్ చేతిలో ఆకురాయి ఆగిపోయింది. అతని మొహం ఎర్రబడింది. అయిదు నెలలు ఆ కాళ్ళను చేతుల్లో పెట్టుకుని కాపాడినవాడు.

"చచ్చినా ఎక్కను," అన్నాడు. "మీరు ఎలా అడిగారండీ ఆ మాట? నేను ఎక్కను, ఎవరినీ ఎక్కనివ్వను."

దశరథం మొహం మాడిపోయింది. గుమ్మంలో చాయ్ గ్లాసుతో నిలబడ్డ భాగ్య ఆ గ్లాసు అరుగు మీద ఠక్కున పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. వెళ్ళినంత వేగంగా తిరిగి వచ్చింది.

"ఇష్టం లేకుంటే లేదని చెప్పు. చచ్చినా అంటవా? నాల ఏం తక్కువైంది? అయిదు నెలలసంది ఎందుకొస్తున్నవ్ మరి?"

"మీలో తక్కువేమిటి? నేను గుర్రం గురించి చెబుతున్నాను," అన్నాడు భార్గవ్ బిత్తరపోయి.

"మేము గుర్రం గురించి అడుగుతలేము సారూ," అన్నాడు బాలమల్లు గడ్డి మోపు మీద నుంచి, నవ్వాపుకోలేక. ఆ మాటకు అర్థమేమిటో ఆయనే విడమరిచి చెప్పాడు.

భార్గవ్ ఆకురాయి కింద పెట్టాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. మొదటిసారి గారు లేకుండా పిలిచాడు.

"భాగ్యా, నేను ఇన్నిసార్లు వచ్చింది నీ కోసమే. గుర్రానికి నెలకోసారి చాలు. నువ్వు కోప్పడని రోజు నాకు ఏదో వెలితిగా ఉంటుంది. నిన్ను చేసుకుంటాను. మా నాన్నగారు గొడవ చేస్తారు, నేనే ఒప్పించి తీసుకొస్తాను. కానీ చాందినిని మాత్రం ఎక్కను. పెళ్ళికి నడిచే వస్తాను."

భాగ్య చల్లారిపోయిన చాయ్ గ్లాసు తీసుకెళ్ళి అతని చేతిలో పెట్టింది, ఆ చెయ్యి వదల్లేదు.

దశరథానికి ఇంకా ఒక చిక్కు మిగిలింది. ఊరందరి పెళ్ళికొడుకులను గుర్రమెక్కించిన తాను, సొంత అల్లుణ్ణి నడిపించుకొస్తే నలుగురూ ఏమనుకుంటారు? అదే పైకి అన్నాడు. చాందిని కూడా వస్తుందనీ, వీపు మీద ఎవరూ లేకుండా తన పక్కనే నడుస్తుందనీ చెప్పాడు భార్గవ్.

దశరథం గుర్రం దగ్గరకు వెళ్ళి దాని మెడ నిమిరాడు.

"తొమ్మిదేండ్లు అందర్ని మోసింది," అన్నాడు. "ఒక్క పెండ్లికన్న ఉట్టిగ నడువనీ."